లైన్ క్లియర్

మా నాయనకు ఒంట్లో సగానికే చెమట పడుతుంది. ఎడమ చేయి, ఎడమ భుజం, వీపులో ఆ పక్కంతా ఎప్పుడో కాలి, మానిపోయి, నున్నగా బిగుసుకుపోయిన చర్మం. దానికి చెమట పట్టదు. చెమట పట్టని ఒళ్ళు చల్లబడదు. బళ్లారి ఎండలకు కుడి పక్క చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంటే, ఎడమ పక్క చొక్కా ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టు పొడిగా ఉంటుంది. చూసేవాళ్ళకు తమాషాగా ఉండొచ్చు. ఆయనకు మాత్రం శివరాత్రి దాటిందంటే కష్టకాలం మొదలైనట్టే.

నేను బడికి పోయే రోజుల నుంచీ మా ఇంట్లో ఎండాకాలపు పని ఒకటి నాదిగా ఉండిపోయింది. తువ్వాలు తడిపి, పిండి, ఆయన ఎడమ భుజం మీద పరచడం. అది చూస్తుండగానే వేడెక్కిపోయేది. తీసి మళ్ళీ తడపాలి. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో తువ్వాలు తడుపుతూ పరీక్షలకు చదువుకున్నదాన్ని నేను.

నా పెళ్ళయ్యాక, అమ్మ పోయాక, నాయన మాతోనే ఉన్నాడు. గాంధీనగర్‌లో మేము అద్దెకున్నది పై వాటా. నెత్తిన ఉత్త స్లాబు, పడమటి వైపు ఒక్క చెట్టు నీడైనా పడని గోడ. పొద్దు గుంకాక కూడా ఆ గోడ వేడి కక్కుతూనే ఉండేది. ఫ్యాను వేస్తే వేడిగాలి, ఆపితే ఉక్క. నాయన నోరు తెరిచి ఒక్క మాట అనేవాడు కాదు. నేను వంటింట్లో ఉంటే తానే గోడ పట్టుకుని లేచి తువ్వాలు తడుపుకోవడానికి పోయేవాడు. అది చూసి నేను తిట్టేదాన్ని. నా నోరు మంచిది కాదని మా ఆయన అంటాడు. ఒప్పుకుంటాను. ప్రేమ ఎక్కువైనప్పుడు నాకు తిట్లే వస్తాయి.

నేను ఇళ్ళకు ప్లాన్లు గీస్తాను. ఒక ఇంజనీరు దగ్గర చాలా ఏళ్ళుగా అదే పని. మా ఊళ్ళో గనుల్లోనో లారీల్లోనో నాలుగు రాళ్ళు చేసుకున్నవాళ్ళు వచ్చి కూర్చుని, ఫోన్లో ఒక ఫొటో చూపించి, "బెంగళూరులో సూసినామమ్మా, ముందర పూరా అద్దాలు. మాకు గూడా అట్లే గావాల" అంటారు. బెంగళూరు ఎండ వేరు, మన ఎండ వేరు అని చెప్పి చూశాను. నా మాట ఎవరికి కావాలి? పడమటికి అద్దాలు గీసి, ఆ అద్దాల్లోంచి వచ్చే వేడికి గదికొక ఏసీ గీసి, ఆ ఏసీలన్నీ ఒక్కసారి తిరిగితే తట్టుకునే వైర్లు గీసి ఇచ్చేదాన్ని. గీసిన ప్రతిసారీ లోపల ఒకటే అనుకునేదాన్ని, నా ఇల్లు నేను గీసుకునే రోజు రానీ అని.

ఆ రోజు వచ్చింది. రూపనగుడికి పోయే దారిలో, ఊరు అయిపోయి చేలు మొదలయ్యేచోట, మాకొక జాగా ఉంది. మా ఆయన జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులో సూపర్‌వైజరు. నీలం రంగు వదలని వేళ్ళతో ఒక సాయంత్రం తెల్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టి, "గీయప్పా ఇంగ" అన్నాడు. ఆడవాళ్ళను కూడా అప్పా అనడం ఆయనకు ముద్దెక్కువైనప్పటి అలవాటు.

ఇల్లే గీశానని అందరూ అనుకున్నారు. నిజానికి నేను గీసింది నాయన ఎడమ భుజానికి నీడ. మెట్లు, స్నానాలగది, సామాన్ల గది అన్నీ పడమటికి నెట్టేశాను, ఎండ దెబ్బలన్నీ అవే తినాలని. కిటికీలు ఉత్తరానికీ దక్షిణానికీ ఎదురెదురుగా పెట్టి, మా వైపు వీచే గాలికి ఇంట్లోంచి నేరుగా దారి ఇచ్చాను. గోడలకు ఇటుకలను పడుకోబెట్టకుండా నిలబెట్టి, నడుమ బోలుగా వదిలి కట్టాలన్నాను. ఆ బోలులో నిలిచిన గాలి వేడిని లోపలికి రానీయదు. మేస్త్రీ మొదటి వరస పేర్చి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

"ఏందమ్మా ఇది? మనుషులకు ఇల్లు కట్టమంటే గోడల్లో తేళ్ళకు కట్టిస్తాండావు."

"పైనా కిందా మూస్తావు గదప్పా. తేళ్ళు యాడినుంచి వస్తాయి?"

"వస్తే మాత్రం నన్ను పిలవొద్దు."

స్లాబు మీద కుమ్మరి దగ్గర తెచ్చిన చిన్న చిన్న పిడతలు వరసగా బోర్లించి, సందుల్లో సున్నం నింపి, పైన తెల్ల పలకలు వేయించాను. పిడతలు బోర్లించిన రోజు రోడ్డున పోయే ట్రాక్టర్లు ఆగి ఆగి చూశాయి. ఎదురింటావిడ నేరుగా లోపలికొచ్చి, "మిద్దె మీద కుండలు బోర్లిస్తే మంచిదేనా తల్లీ, అయ్యవారిని అడిగితివా?" అంది. మా ఆయన ఆమెను పైకి తీసుకుపోయి, పలకలు వేసిన సగం మీదా వేయని సగం మీదా చెప్పులు విడిచి నిలబడమన్నాడు. వేయని సగం మీద ఆమె ఒక్క క్షణం కూడా నిలబడలేకపోయింది. ఆ తర్వాత అయ్యవారి సంగతి ఎత్తలేదు.

అన్నిటికీ పైన సోలార్ పలకలు. ఇల్లు ఏడాదంతా వాడుకునే కరెంటు ఎంతో, తన నెత్తి మీద తాను తయారు చేసుకునేదీ అంతే ఉండాలి. నెట్ జీరో ఇల్లు అంటారు దాన్ని. ఇల్లు ముందు చల్లగా ఉంటే కరెంటు తక్కువ చాలు, తక్కువ చాలితే ఆ తక్కువను ఎండే ఇస్తుంది. ఇంతకాలం మా నాయనను కాల్చుకుతిన్న ఎండ చేతనే ఆయనకు ఫ్యాను తిప్పించాలని నా పంతం.

ఇల్లు లేస్తున్నన్ని రోజులూ నాయన పొద్దున్నే వచ్చేవాడు. ఆయనకొక ప్లాస్టిక్ కుర్చీ ఉంది, నీలం రంగుది, ఒక చేయి విరిగింది. దాన్ని వేసుకుని మేస్త్రీతో మాట్లాడుతూ, నీడ జరిగినప్పుడల్లా కుర్చీ జరుపుకుంటూ ఉండేవాడు. గోడలు లేచాక నేనొకటి గమనించాను. మిట్టమధ్యాహ్నం వేళకు ఆ కుర్చీ ఎప్పుడూ ఒకేచోటికి చేరేది, ఈశాన్యం వైపు, నేను భోజనాల బల్ల కోసమని గీసుకున్న గదికి. నా లెక్కల ప్రకారం వేరే గది ఇంకా చల్లగా ఉండాలి. కానీ ఆ ఒంటికి తెలిసినంత నా లెక్కకు తెలియదనుకుని, కాగితం మీద కొట్టేసి ఆ గదిని నాయనకు ఇచ్చాను. మేం వంటింట్లోనే తింటాం అన్నాను. "మనింటికి ఇంజనీరు ఆ కుర్చీనే మామా" అని మా ఆయన నవ్వితే, నాయన కూడా నవ్వాడు. చానా రోజులకు ఆయన అలా నవ్వడం చూశాను.

సోలార్ బిగించే ఆయన వచ్చిన రోజు కూడా నాయన ఆ కుర్చీలోనే ఉన్నాడు. వచ్చినాయన, పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు పెట్టెను గోడకు బిగిస్తూ మా ఆయనకు వివరిస్తున్నాడు.

"పగలు మీరు వాడుకోంగా మిగిలింది లైన్లోకి పోతాది సార్. రాత్రి మీకు గావాల్సింది లైన్నుంచి వస్తాది. మీటరు రెండు దిక్కులా తిరుగుతాది."

నాయన తల ఎత్తాడు. "యాడికి పోతాది అంటివి?"

"లైన్లోకి సార్. బయట స్తంభానికి."

"ఈ ఇంట్లో నుంచి?"

"అవును సార్. వెనక్కి."

నాయన లేచాడు. చెప్పులు వేసుకుని, గొడుగు తీసుకుని, రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాడు. కుర్చీ అక్కడే ఉండిపోయింది. మా ఆయన నా వైపు చూశాడు. నాకు అప్పటికే అర్థమైంది. ఇన్ని గీతలు గీసినదానికి ఆ ఒక్క సంగతి ముందుగా ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా నాయన కరెంటు లైన్‌మన్. సండూరు కొండల కింది పల్లెల్లో ఎన్ని ఇళ్ళకు ఆయన చేతి మీదుగా మొదటి దీపం వెలిగిందో. లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపించాలి. వాళ్ళు ఆపి, "లైన్ క్లియర్" అని చెప్పాకే స్తంభం ఎక్కాలి. ఎక్కే ముందు తీగెల మీద ఒక గొలుసు తగిలించి దాని కింది కొసను భూమిలో బిగించాలి. పొరపాటున కరెంటు ఎక్కడినుంచైనా వచ్చినా మనిషిని వదిలి భూమిలోకి పోతుంది. నేను చిన్నగా ఉన్నప్పుడు ఒకరోజు చోరనూరు వైపు ఒక పల్లెలో ఆయన స్తంభం ఎక్కాడు. ఫోన్లో లైన్ క్లియర్ అన్నారు. నిజంగానే ఆపారు కూడా. ఆ రోజు గొలుసు ఇంకోచోట పనికి పోయింది. మాట వచ్చింది కదా అని ఆయన గొలుసు లేకుండా ఎక్కాడు.

ఆ పల్లెలో ఒక పెళ్ళిల్లు. కరెంటు లేదని జనరేటరు తెప్పించుకున్నారు. మెయిన్ స్విచ్చి దించకుండా ఇంటి వైర్లకే దాన్ని తగిలించారు. ఆ కరెంటు ఇంట్లో ఆగుతుందా? బయటికొచ్చి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కి, పెద్ద లైన్లో చేయి పెట్టి ఉన్న మా నాయనను పట్టుకుంది. "పెండ్లి ఇల్లు. వాళ్ళకు మాత్రం ఏం తెలుసు" అనేవాడు నాయన. అది ఎవరి ఇల్లో ఆయన మాకు ఎప్పుడూ చెప్పలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో "లైన్ క్లియర్" అన్న మాట ఎవరూ అనలేదు. అనకూడదని ఎవరూ చెప్పలేదు కూడా. నా పెళ్ళైన కొత్తలో మా ఆయన ఒకసారి బండి వెనక్కి తీస్తూ, నాయన దారి చూసి చేయి ఊపితే, "లైన్ క్లియరా మామా?" అని కేకేశాడు. మా అమ్మ చేతిలో చెంబు అక్కడే పెట్టి లోపలికి పోయింది. పాపం తానేం అన్నాడో ఆయనకు చాలాసేపు అర్థం కాలేదు.

సాయంత్రం నేను గాంధీనగర్ ఇంటికి పోయేసరికి నాయన తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. నేను పక్కన కూర్చోగానే ఆయనే మొదలుపెట్టాడు.

"పాపా, ఇల్లు బాగుండాది. మీరు పోండి. నేను ఈడనే ఉంటా."

"ఆ ఇల్లు గీసిందే నీకు. నువ్వు లేకుండా మేం పోయి ఏం జేయాల?"

"లైన్లోకి కరెంటు పంపే ఇంట్లో నాకు నిద్ర పట్టదు. ఒగ దినం యాడన్నా లైను పోతాది. ఎవురో ఒగడు స్తంభం ఎక్కుతాడు. నా ఇంటి నుంచి పోయిన కరెంటుకు వాడు కాలితే, నీ చల్లదనం నాకు ఎందుకు?"

నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది, తిట్టి తేలికపడేదాన్ని. సోలార్ పలకలు తీయించేస్తానన్నాను. నాయన దానికీ ఒప్పుకోలేదు. అంత ఎండ నెత్తిన పడి ఉత్తపుణ్యానికి పోవడం కూడా ఆయనకు నచ్చదు. కరెంటు మీద ఆయనకున్న గౌరవం అలాంటిది. దాని చేతిలో కాలి కూడా, ఊరికే వెలుగుతున్న బల్బు కనబడితే లేచి పోయి ఆపుతాడు. లైనే లేకుండా బ్యాటరీలతో గడుపుకోవచ్చు కానీ, ఇల్లు కట్టి అలసిపోయిన మాకు అది అయ్యే పని కాదు.

మర్నాడు సోలార్ ఆయనను పట్టుకుని నిలదీశాను. ఆయన ఆశ్చర్యపోయాడు.

"అయ్యో, ఆ భయమే వద్దమ్మా. లైన్లో కరెంటు పోయిందంటే ఈ పెట్టె తనంతట తానే ఆగిపోతాది. ఒక్క చుక్క గూడా బయటికి పోదు."

మా ఆయన మధ్యలో అందుకున్నాడు. "ఆగిపోతాదా? ఎండ ఇట్ల మండుతాంటే గూడా? అంటే కరెంటు పోయినప్పుడు మాకూ ఉండదా?"

"ఉండదు సార్."

"మరి ఇంత చేసి ఏం సుఖమప్పా? కరెంటు పోయినప్పుడు పనికిరాంది ఇంగెప్పుడికి?"

"అందరూ ఇదే అడుగుతారు సార్" అన్నాడాయన, స్క్రూ బిగిస్తూనే. "స్తంభం మీద మనిషి ఉంటాడు గదా."

నేను ఆ పెట్టెను చూస్తూ నిలబడిపోయాను. ఎక్కడో, నేనెప్పుడూ చూడబోని ఒక గదిలో, నేనెప్పుడూ చూడబోని ఒక మనిషి ఈ పెట్టెను తయారు చేస్తూ స్తంభం మీది మనిషిని తలుచుకున్నాడు. మా నాయనను తలుచుకున్నట్టే అనిపించింది నాకు. కళ్ళు తుడుచుకుంటే మా ఆయన కంగారుపడి, కరెంటు లేకపోయినా ఏం పర్వాలేదు, చేతి విసనకర్ర కొంటానన్నాడు.

నాయనకు చెప్పాను. అంతా విన్నాడు, రెండు మూడు ప్రశ్నలు అడిగాడు. చివరకు, "మంచిదే పాపా" అన్నాడు. "కానీ అది పెట్టె మాట. ఆ దినం ఫోన్లో చెప్పినోళ్ళు గూడా మంచోళ్ళే."

గృహప్రవేశానికి వచ్చాడు. కొత్త పంచె కట్టుకుని, బయట పందిట్లో కూర్చుని, వచ్చినవాళ్ళను పలకరించి, బూందీ లడ్డు తిని, పొద్దు వాలకముందే బస్సెక్కి పోయాడు. ఇల్లంతా ఎండ కరెంటుతోనే నడవాలని నేను గ్యాస్ పెట్టలేదు, పాలు కరెంటు పొయ్యి మీదే పొంగించాలి. పాలు పొంగి దాని పైనున్న గాజు మీద పడగానే ఆ పొయ్యి కీచుమని అరిచి ఆగిపోయింది. ముత్తైదువలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకో రోజైతే ఆ పొయ్యిని వెనకేసుకొచ్చి అందరితో పోట్లాడేదాన్ని. ఆ రోజు నా మనసు పందిట్లోంచి లోపలికి అడుగు పెట్టని మనిషి దగ్గర ఉంది.

నాయన రాని ఇంటికి మేమూ పోలేదు. గాంధీనగర్ అద్దె ఇల్లు ఖాళీ చేయకుండా, రోజూ సాయంత్రం వచ్చి కొత్త ఇంటి మొక్కలకు నీళ్ళు పోసి పోయేవాళ్ళం. ఎండలు ముదిరాయి. తలుపు తీసి లోపల అడుగు పెడితే, బయటి వేడి గడప దగ్గరే ఆగిపోయేది. ఈశాన్యం గదిలో ఆ నీలం కుర్చీ అలాగే ఉంది. దాన్ని జరపడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఇంటికి తిరిగొచ్చేసరికి అక్కడ నాయన వేడి గోడకు దూరంగా జరిగి జరిగి, తలుపు దగ్గర కూర్చుని ఉండేవాడు. ఏ ఇల్లు ఎవరి కోసం కట్టానో తలుచుకుని, వాకిట్లో చెప్పులు విప్పేలోపలే మొహం సర్దుకోవడం నేర్చుకున్నాను.

వేసవి చివర్లో ఒక సాయంత్రం ముంగారు గాలి, తొలకరికి ముందొచ్చే గాలి, లేచింది. ఎర్రదుమ్ము, ఉరుములు, పెద్ద వాన. మర్నాడు ఆదివారం. సోలార్ పలకలు ఎగిరిపోయాయేమో, పిడతల మీది పలకలు లేచాయేమోనని నేను బయల్దేరుతుంటే, నాయన గొడుగు తీసుకుని నా వెంట వచ్చాడు. ఎగిరిన పలక ఏదైనా తీగెల మీద పడి ఉంటుందేమోనని ఆయన దిగులు. గృహప్రవేశం తర్వాత ఆయన ఆ దారిన రావడం అదే మొదటిసారి.

ఇంటికి ఏమీ కాలేదు. వానకు కడిగిన పలకలు ఎండలో తళతళలాడుతున్నాయి. కానీ మా ఇంటి ముందు స్తంభం దగ్గర తుమ్మకొమ్మ విరిగి తీగెల మీద పడి ఉంది. రాత్రి నుంచీ వీధికి కరెంటు లేదు. స్తంభం కింద మోటార్ సైకిలు ఆపి, తాళ్ళూ గొలుసూ దింపుకుంటున్నాడు ఆ సెక్షన్ లైన్‌మన్. ఒకప్పుడు నాయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడతనికీ నెత్తి నెరిసింది.

"అన్నా! నువ్వేంది ఈడ? ఎండలో బేడ అన్నా, నెరళ్ళోకి పో" అన్నాడు, కన్నడమూ తెలుగూ కలిపి, ఎప్పటిలాగే.

నాయన నీడలోకి పోలేదు. "ఎక్కద్దు. ఈ ఇంటి మీద సోలార్ ఉండాది. లైన్లోకి పంపుతాది."

"ఊరంతా వేసుకుంటాండారన్నా ఇప్పుడు. పెట్టె ఆగిపోతాది."

"నువ్వు సూసినావా?"

"నేను రోజూ టెస్టర్ పెట్టే ఎక్కుతా. నువ్వు నేర్పిందే గదా?"

నేను లోపలికి పరుగెత్తాను. గోడ మీద పెట్టెలో ఆకుపచ్చ దీపం లేదు. ఎర్రది మిణుకుమిణుకుమంటోంది. ఫ్యాను తిరగడం లేదు. నడినెత్తిన అంత ఎండ, పైన అన్ని పలకలు, అయినా ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పెట్టె ఆగిపోయిందని తెలిసినా నా చేయి ఊరుకోలేదు, పెట్టె పక్కనున్న స్విచ్చి దించబోయింది. వెనకే వచ్చిన నాయన, "పాపా, దించద్దు" అన్నాడు.

"ఎందుకు నాయనా? దించితే ఇంగ భయమే లేదు గదా?"

"ఈ దినం నేనుండా, నువ్వుండావు. దించుతాం. మనం లేని దినం? మనం మరిసిపోయిన దినం? ఆ దినం ఎట్లుంటాదో అది సూడాల నేను. ఎట్లుండేది అట్ల ఉండనీ."

మేము బయటికొచ్చాం. ఆదివారమూ పని ఉన్న షెడ్డు నుంచి మా ఆయన కూడా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఎదురింటావిడ తలుపులో నిలబడింది. లైన్‌మన్ ఫోన్ చేశాడు, విన్నాడు, ఫోన్ జేబులో పెట్టాడు. విన్నదేమిటో పైకి చెప్పలేదు. ఆ మాట నాయన ముందు అనకూడదని అతనికి తెలుసు. పొడుగాటి కర్ర చివర టెస్టరు పెట్టి, మా ఇంటి నుంచి స్తంభానికి పోయే తీగెలకు ఆనించాడు. దీపం వెలగలేదు. చప్పుడు లేదు.

"ఇంగోసారి" అన్నాడు నాయన.

ఇంకోసారి పెట్టాడు. వేరే తీగెకు పెట్టాడు. తిరిగి మొదటిదానికి పెట్టాడు. టెస్టరు చెడిపోయిందేమో అన్నాడు నాయన. లైన్‌మన్ విసుక్కోలేదు. టెస్టరు మీది మీట నొక్కి అది మోగడం, దీపం వెలగడం చూపించి, మళ్ళీ తీగెకు ఆనించాడు. ఏమీ లేదు. తీగెల్లో ప్రాణం లేదు. నా ఇల్లు, అంత ఎండలో, ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

తర్వాత గొలుసు. లైన్‌మన్ దాన్ని తీగెలకు తగిలించాడు. కింది కొస భూమిలో బిగించబోతుంటే నాయన వంగి అతని చేతిలోంచి తీసుకున్నాడు. "ఇది నేను బిగిస్తా." ఎండలో, మోకాళ్ళ మీద కూర్చుని, సాగని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో తిప్పి తిప్పి బిగించాడు. లాగి చూశాడు. ఇంకోసారి లాగి చూశాడు. నాకు పోయి గొడుగు పట్టాలని ఉంది. కానీ ఆ క్షణంలో ఆయన నాకు మాత్రమే నాయన కాదనిపించి దూరంగానే నిలబడ్డాను.

ఆయన లేచి, కాలిన అరచేతిని స్తంభానికి ఆనించాడు. లైన్‌మన్ నడుముకు పట్టీ బిగించుకున్నాడు. ఒక కాలు స్తంభం మీద పెట్టి, ఎక్కకుండా నాయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వు చెప్పన్నా. చెప్తే ఎక్కుతా."

నాయన పైకి తీగెల వైపు చూశాడు. మా మిద్దె మీది పలకల వైపు చూశాడు. మా ఆయన గేటు పట్టుకున్న చేయి తీసి నా భుజం మీద వేశాడు.

"లైన్ క్లియర్" అన్నాడు నాయన. గట్టిగా, పని వేళ ఉండే గొంతుతో. "ఎక్కప్పా."

అతను ఎక్కాడు. కొమ్మ కొట్టి, తీగె లాగి కట్టి, దిగేవరకూ నాయన స్తంభం మీద చేయి తీయలేదు. దిగినవాడిని పట్టుకుని, అరచేతులు రెండూ తిప్పించి చూసి వదిలాడు. అతను నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నేను నవ్వలేదు, తుడుచుకోనూ లేదు, అలాగే కారనిచ్చాను.

నాయన లోపలికి వచ్చాడు. ఈశాన్యం గదిలోకి పోయి ఆ చేయి విరిగిన కుర్చీలో కూలబడ్డాడు. కుడి పక్క చొక్కా పూర్తిగా తడిసిపోయింది. ఎడమ పక్క పొడిగా ఉంది, ముట్టుకుంటే పొయ్యి దగ్గర పెట్టిన గిన్నెలా కాలుతోంది. నేను పరుగున పోయి తువ్వాలు తడిపి, పిండి, ఆయన భుజం మీద పరిచాను. కరెంటు ఇంకా రాలేదు. ఎదురు కిటికీ నుంచి తడి మట్టి వాసనతో గాలి వస్తోంది.

"నా మంచం తెప్పియ్యి పాపా" అన్నాడు కళ్ళు మూసుకుని. అంతలోనే నిద్రపోయాడు.

వేడెక్కిన తువ్వాలు ఒకసారి తడిపాను. రెండోసారి తడుపుదామని వంటింట్లో చెంబు నింపుకుని వచ్చి, సన్నగా గురక పెడుతున్న ఆయన నిద్ర చెడకుండా మెల్లగా తువ్వాలు ముట్టుకున్నాను. చల్లగా ఉంది. కింద వేలు పెట్టి భుజం చూశాను. భుజమూ చల్లగానే ఉంది. ఫ్యాను తిరగకుండా, నట్టెండలో, నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ తువ్వాలు చల్లగా ఉంది. తడపాల్సిన పని లేదు. చెంబు చేతిలో పట్టుకుని, ఏం చేయాలో తోచక, ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను.